ఇరవై నాలుగు మేకులు

రెండు గంటలకి మొదటి షిఫ్టు దిగి పెద్దకోడలు గోడౌన్ల రోడ్డులో కల్వర్టు దాకా వచ్చేసరికి ఎదురుగా చిన్నకోడలు వచ్చింది. ఇద్దరూ ఆగారు. చిన్నకోడలు సంచిలోంచి ఇంటి తాళంచెవి తీసి ఇచ్చింది.

"తిన్నదా అత్త?"

"సగం తిని మూతి తిప్పేసుకుంది. మందు వేశాను. ఒంటిగంటకి ఎడమవైపు తిప్పాను."

"వీపు?"

"ఎర్రబడింది. పుండయితే కాలేదు."

షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య అరగంట ఖాళీ. మిషన్లు చల్లారడానికి, వాటిలో చిక్కుకున్న నూలు దులపడానికి లాండ్రీ వాళ్ళు పెట్టుకున్న అరగంట అది. ఆ అరగంటలోనే తోటికోడళ్ళిద్దరూ తోవలో కలిసి తాళంచెవి మార్చుకుంటారు. పక్షవాతంతో మంచం పట్టిన అత్త ఇంట్లో ఒంటరిగా ఉండేది అంతసేపే. రెండో తాళంచెవి చేయించుకోవచ్చు. చేయించుకోలేదు. ఇంటికి ఒకళ్ళు వచ్చేసరికి ఇంకొకళ్ళు నిద్రలో ఉంటారు. ఆదివారం కాక ఇద్దరూ నాలుగు మాటలు చెప్పుకునేది ఈ కల్వర్టు దగ్గరే.

"రేపు మీటింగట," అంది చిన్నకోడలు. "నువ్వు దిగాక ఆగాలి, నేను ముందే రావాలి. రెండు షిఫ్టులూ ఉండాలట."

"ఇద్దరం అక్కడుంటే ఇంట్లో ఎవరు?"

"అదే అడిగాను సూపర్‌వైజర్ని. మీ అత్తని కూడా తీసుకురండి, కుర్చీ వేస్తాం అన్నాడు."

"వాడి మొహం," అని పెద్దకోడలు ఇంటి దారి పట్టింది.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. మర్నాడు మడత విభాగంలో బల్లలు గోడలకి జరిపి అందరినీ నేలమీద కూర్చోబెట్టారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేడమ్ గోడకి ఒక చెక్క పలక కొట్టించింది. పలక మీద నిలువుగా నాలుగు వరసలు, అడ్డంగా ఆరు. గీతలు కలిసిన ప్రతిచోటా ఒక మేకు.

"ముందు ఒక లెక్క," అంది మేడమ్. "మీకు మూడు చొక్కాలు, నాలుగు ప్యాంట్లు ఉన్నాయి. ఎన్ని రకాలుగా వేసుకుని బయటికి వెళ్ళొచ్చు?"

"ఏడు," అన్నారెవరో.

"కాదు. ఒక్కో చొక్కా మీదికి నాలుగు ప్యాంట్లలో ఏదైనా వేసుకోవచ్చు. కాబట్టి కూడకూడదు, హెచ్చవేయాలి. మూడు నాలుగులు పన్నెండు. రెండు జతల చెప్పులు కూడా ఉన్నాయనుకోండి, పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు."

"నాకు ఒక్క జతే ఉంది మేడమ్." ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే మనిషి అంది. గొంతు పెద్దదని ఆమెని అందరూ గంట అంటారు.

"అయితే మీకు పన్నెండే."

"అదీ తెగిపోతే?"

నవ్వులు లేచాయి. మేడమ్ కూడా నవ్వింది. "అప్పుడు సున్నాతో హెచ్చవేయాలి. చెప్పుల్లేకుండా గడప దాటలేరుగా. చొక్కాలు ఎన్ని ఉన్నా, ప్యాంట్లు ఎన్ని ఉన్నా మొత్తం సున్నా."

"మా ఆయన దాటతాడు మేడమ్. చొక్కా లేకుండా కూడా."

ఈసారి నవ్వులు ఆగేదాకా మేడమ్ మార్కర్ పెన్ను మూత తీసి పెడుతూ నిలబడింది. తర్వాత పలక వైపు తిరిగింది. షిఫ్టులు మూడు: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. విభాగాలు నాలుగు: మురికి బట్టలు ఏరడం, ఉతుకు, ఇస్త్రీ, మడత. వారం సెలవు రెండు రకాలు: ఆదివారం, బుధవారం. మూడు నాలుగులు పన్నెండు, పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు. ఒక్కో మేకుకి ఆ పనికి కావలసినన్ని ప్లాస్టిక్ బిళ్ళలు తగిలిస్తారు. మనుషులెందరో బిళ్ళలన్ని. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు వచ్చి నచ్చిన బిళ్ళ తీసుకోవాలి.

"ఇన్నాళ్ళూ మేం వేసినచోట మీరు చేశారు. ఇకనుంచి మీ ఇష్టం. ఇరవై నాలుగు రకాలు మీ ముందున్నాయి."

పెద్దకోడలు వాకిలి వైపు చూసింది. గోడ గడియారం చూసింది. అత్తకి నీళ్ళ గ్లాసు అందే చోట పెట్టిందో లేదో చిన్నకోడల్ని సైగతో అడిగింది. చిన్నకోడలు తలూపింది.

"ముందు ఎవరి వంతు మేడమ్?" అడిగింది గంట.

"ఏడాదిలో సెలవులు తక్కువ పెట్టినవాళ్ళది."

అత్త స్నానాల గదిలో పడినప్పుడు ఆస్పత్రి వరండాలో పడుకున్నది పెద్దకోడలు. తర్వాత ఫిజియోథెరపీకి మోసుకెళ్ళిందీ ఆమే. చిన్నకోడలు కొత్తగా చేరిందని, సెలవు పెడితే తీసేస్తారని, అన్నిసార్లూ తనే పెట్టింది. పెద్దకోడలు చెయ్యెత్తి అడిగింది.

"ఏ బిళ్ళా కుదరకపోతే?"

"ఇరవై నాలుగులో ఒక్కటీ కుదరకపోవడం ఉంటుందామ్మా? అలాంటివాళ్ళకి ఇక్కడ చేయడం ఇష్టం లేదనే అనుకోవాలి. వాళ్ళంతట వాళ్ళు మానుకున్నట్టు."

అరగంట అన్న మీటింగు గంట దాటింది. పెద్దకోడలు ఇంటికి వెళ్ళి తలుపు తీసేసరికి గ్లాసు నేలమీద దొర్లి ఉంది. నీళ్ళు మంచం కిందికి పారాయి. అత్త పనిచేసే చెయ్యి మంచం పక్కకి వేలాడుతోంది.

ఆదివారం ఇద్దరూ కలిసి అత్త దుప్పటి మార్చారు. పెద్దకోడలు అత్త భుజమూ తుంటీ పట్టి తనవైపు తిప్పుకుంది. చిన్నకోడలు పాత దుప్పటిని వీపు దాకా చుట్టలా చుట్టి, దాని పక్కనే కొత్తది పరిచి, సగం చుట్టి పెట్టింది. అత్తని ఆ గుట్ట మీదుగా అవతలి వైపు దొర్లించారు. పాతది లాగేసి కొత్తది సాగదీశారు. దుప్పటి మూలలు ఆస్పత్రి మంచానికి దోపినట్టు దోపారు.

"అక్కడా దుప్పట్లే, ఇక్కడా దుప్పట్లే," అంది చిన్నకోడలు. "చచ్చాక కూడా మనచేతే మడత పెట్టిస్తారు."

అత్త మూతి ఒక కొస పైకి లేచింది. ఆమె నవ్వితే అంతే.

బాల్కనీలో తీగ మీద బట్టలు ఆరేస్తూ పెద్దకోడలు క్లిప్పులు ఏరింది. ఎర్రవి రెండు, పచ్చవి రెండు, నీలివి రెండు.

"ఎర్రది పొద్దున, పచ్చది మధ్యాహ్నం, నీలిది రాత్రి. ఈ మూడూ నావి, ఆ మూడూ నీవి. నేను ఎర్రది తీసుకుంటే నీకు మూడు దారులు. పచ్చది తీసుకున్నా మూడే, నీలిదైనా మూడే. మూడు మూళ్ళు తొమ్మిది."

"మేడమ్ కంటే నువ్వే నయం. చెప్పులు తెగగొట్టలేదు."

"ఉండు, తెగేదే ఉంది. ఇద్దరం ఒకే షిఫ్టయితే అత్త పొద్దంతా తాళంలో ఉంటుంది. అవి మూడు తీసెయ్. ఆరు." పెద్దకోడలు నీలి క్లిప్పులు రెండూ డబ్బాలో పడేసింది. "రాత్రి ఆ గోడౌన్ల రోడ్డులో ఒక్క దీపం లేదు. రెండో షిఫ్టు దిగినవాళ్ళని బండిలో దింపుతారు గానీ, రాత్రి షిఫ్టుకి తీసుకెళ్ళడానికి బండి లేదు. నీలిది ఉన్నవి నాలుగు పోయాయి. ఎన్ని?"

"రెండు."

"ఎర్రది నాకు, పచ్చది నీకు. లేదంటే పచ్చది నాకు, ఎర్రది నీకు. అంతే."

"ఇప్పుడున్నదే కదా. నేను మధ్యాహ్నం తీసుకుంటాను, నువ్వు పొద్దున తీసుకో. సెలవు ఏదైతేనేం?"

"నీ తర్వాత ఎప్పటికో నా వంతు." పెద్దకోడలు తడి దిండు గలేబు దులిపి తీగ మీద వేసింది. "ఉతుకు దగ్గరికి ఆడవాళ్ళని రానివ్వరు. మిగిలినవి మూడు విభాగాలు, రెండు సెలవులు. మూడు రెళ్ళు ఆరు. ఆరు మేకుల్లో ఒక్కదానికైనా బిళ్ళ మిగలాలి నాకు."

"ఉతుక్కి కూడా పలక మీద మేకులున్నాయిగా?"

"మేకులకేం, ఉంటాయి."

గదిలోంచి అత్త గొంతు వినపడింది. మాట కాదు, పిలుపు. చిన్నకోడలు వెళ్ళింది. పెద్దకోడలు ఎర్ర క్లిప్పు ఒకటి, పచ్చ క్లిప్పు ఒకటి పక్కపక్కన తీగకి పెట్టి, వాటికి ఏ బట్టా తగిలించకుండా లోపలికి వెళ్ళింది. ఆ ఇంటికి రెండు జీతాలు కావాలి. అన్నదమ్ములిద్దరూ ఒకే లారీ మీద పోతారు, ఒకడు డ్రైవరు, ఒకడు క్లీనరు. వాళ్ళు పంపేది లారీ యజమాని దయ. అద్దె, మందులు, డైపర్లు ఈ ఇద్దరి మీదే నడుస్తాయి. ఒక జీతం పోతే ముందు పోయేది అత్త ఫిజియోథెరపీ.

బిళ్ళలు తీసుకునే రోజున పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడని బతిమాలి అత్త దగ్గర కూర్చోబెట్టారు. ఈ ఒక్క పూటకే సుమా అంది ఆవిడ.

పలక నిండా బిళ్ళలు వేలాడుతున్నాయి. సూపర్‌వైజర్ ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. అందరూ అనుకున్నది ఆడవాళ్ళు మడతకి, ఇస్త్రీకి పోతారని, మగవాళ్ళు ఎప్పటిలాగే ఉతుక్కి పోతారని. మొదట పిలుపు వచ్చిన వాళ్ళలో ఒకడు క్రేను. ఉతుకు మిషన్లలోంచి తడి బట్టల మూటలు ఎత్తీ ఎత్తీ వచ్చిన పేరు. అతను పలక ముందు కాసేపు నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, మడత వరసలో పొద్దుటి బిళ్ళ తీసుకున్నాడు.

"అదేంట్రా?" అంది గంట.

"నచ్చింది తీసుకోమన్నారుగా. నా నడుం అరిగిపోయింది." అతను పెద్దకోడలి పక్కగా వచ్చి కూర్చున్నాడు. "ఇక నీ బల్ల దగ్గరే, మడతక్కా."

"మూల కలిపి మడవడం వచ్చా నీకు?"

"నువ్వున్నావుగా నేర్పడానికి."

అతని వెనక ఉతుకు వాళ్ళు చాలామంది అదే పని చేశారు. ఒకడు ఇస్త్రీ, ఇద్దరు మడత, ఒకడు ఏరడం. ఎవరినీ అనడానికి లేదు. వాళ్ళ నడుములు వాళ్ళవి. పొద్దుటి మేకులు ముందు ఖాళీ అయ్యాయి. పెద్దకోడలు కూర్చున్నచోటి నుంచే లెక్క చూసుకుంటోంది. తన ఆరు మేకుల్లో ఐదు ఖాళీ అయి, మడత-పొద్దున-బుధవారం దగ్గర ఒక్కటి మిగిలినప్పుడు చిన్నకోడల్ని పిలిచారు.

చిన్నకోడలు లేచి వెళ్ళింది. ఇస్త్రీ వరసలో మధ్యాహ్నం బిళ్ళలు చాలా ఉన్నాయి. వాటి వైపు చెయ్యి చాచింది. చెయ్యి ఆగింది. వెనక ఇంకా కూర్చున్నవాళ్ళ వైపు చూసింది. తోటికోడలి వైపు చూడలేదు. ఆ చెయ్యి పక్కకి జరిపి పొద్దుటి బిళ్ళ, చివరిది, తీసుకుంది.

గంట పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చింది. "చూశావా నీ చెల్లెలు."

పెద్దకోడలి మెడ మీద వేడి పాకింది. చిన్నకోడలు వచ్చి పక్కన కూర్చుని, బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుని, పెదాలు కదలకుండా అంది.

"నేను మధ్యాహ్నానిది తీసుకుని ఉంటే, ఆ ఒక్కటి నీ దాకా రాదక్కా. ఇద్దరం మధ్యాహ్నమే అవుతాం. పొద్దున నేను తీసుకుంటే నీకు మధ్యాహ్నం దొరుకుతుంది. ఇంకా అన్ని ఉన్నాయి చూడు. పచ్చది నీకు, ఎర్రది నాకు."

పెద్దకోడలు పలక వైపు చూసింది. లెక్క సరిగ్గానే ఉంది. తను నేర్పిందే. కొంచెం సేపటికి చిన్నకోడలి మోకాలి మీద చెయ్యి వేసి తీసింది.

కానీ పొద్దుటివి అయిపోయాక అందరూ మధ్యాహ్నానికే వెళ్ళారు. వెళ్ళరా మరి? రాత్రి ఎవరికి కావాలి? సూపర్‌వైజర్ పేరు పిలిచినప్పుడల్లా ఒక బిళ్ళ మేకు మీదనుంచి గీరుకుంటూ వచ్చేది. గంట ఇస్త్రీ తీసుకుంది. మధ్యాహ్నానివీ అయిపోయాక, ఉతుక్కి పోలేని ఆడవాళ్ళు మిగతా విభాగాల్లో రాత్రివి తీసుకున్నారు. ఏరడంలో చివరిది, దుప్పట్లలో ఉండిపోయిన సూదులు గుచ్చుకుంటాయని ఎవరూ ముట్టనిది, ఒక గర్భిణి తీసుకుంది.

"మడతక్కా, రండి," అన్నాడు సూపర్‌వైజర్.

పెద్దకోడలు లేచింది. పలక మీద ఉన్నవన్నీ ఉతుకు వరసలోనే ఉన్నాయి. రాత్రివి గుత్తులుగా ఉన్నాయి. వాటి పైన, మధ్యాహ్నం దగ్గర, ఒక్క బిళ్ళ ఉంది. ఉతుకు, మధ్యాహ్నం, ఆదివారం. ఆమె దాన్ని తీసింది.

"అది కాదమ్మా," అంది మేడమ్. "ఉతుక్కి ఆడవాళ్ళని తీసుకోం. తడి మూటల బరువుకి ఇన్సూరెన్స్ ఒప్పుకోదు. కంపెనీ నియమం."

"ఈ షిఫ్టు నాకు సరిపోతుంది. మూటలు ఎత్తుతాను. ఇంట్లో మనిషినే ఎత్తుతున్నాను."

"మీరు ఎత్తలేరని కాదు. నియమం."

"ఇరవై నాలుగు అన్నారు కదా?"

"అది పలక మొత్తం మీద. ఒక్కొక్కరికీ కాదు."

"నా దగ్గరికి వచ్చేసరికి ఎన్ని మరి?"

మేడమ్ పలక చూసింది. పెన్ను మూత పెట్టింది. "ఇంకెవరైనా మార్చుకుంటారా అని అడగొచ్చు. కానీ మార్పిళ్ళు మొదలుపెడితే దీనికి అంతుండదు. బయట ఇంకో బ్యాచ్ ఉంది."

పెద్దకోడలు వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం బిళ్ళలు తీసుకున్న మగవాళ్ళలో ఒకడు చెప్పు సర్దుకున్నాడు. ఒకడు ఫోను చూసుకున్నాడు. క్రేను తల దించుకుని బిళ్ళని అటూ ఇటూ తిప్పుతున్నాడు. చిన్నకోడలు గబగబా వచ్చి తన బిళ్ళ మేకుకి తగిలించింది.

"నాది అక్కకివ్వండి."

"మరి మీరు?"

పెద్దకోడలు ఆ బిళ్ళ తీసి, చిన్నకోడలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"పట్టుకో. ఇంటికి రెండు సున్నాలెందుకు?"

తన చేతిలో ఉన్నది తీసినచోటే తగిలించి, ఇంటికి వెళ్ళింది. బిళ్ళ తీసుకోనివాళ్ళ లెక్కలో ఆమె పేరు రాశారు. ఇష్టం లేక మానుకున్నవాళ్ళ కింద.

మర్నాడు లారీ ఆగినచోటి నుంచి భర్త ఫోను చేశాడు. "పోనీలే. అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాల్సిందేగా. నీకూ కాస్త విశ్రాంతి."

"మీరు ఉండండి, విశ్రాంతిగా. నేను లారీ తోలతాను."

"ఎందుకలా మాట్లాడతావు?"

"టీ చల్లారిపోతుంది, తాగండి," అని పెట్టేసింది.

ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉంటోంది కాబట్టి తాళం పని లేకపోయింది. తలుపు పక్కన మేకుకి తాళంచెవి వేలాడుతోంది. పెద్దకోడలు అత్తకి ఒళ్ళు తుడిచేది, తిప్పేది, గంజి పట్టేది. పని లేనప్పుడు అలమరలో బట్టలన్నీ తీసి మళ్ళీ మడత పెట్టేది. ఫిజియోథెరపీ మనిషికి ఇక రావద్దని చెప్పింది. అది చెబుతున్నప్పుడు అత్త గోడ వైపు మొహం తిప్పుకుంది. చిన్నకోడలు మధ్యాహ్నం ఇంటికొచ్చి లాండ్రీ మాటలు ఏవీ చెప్పేది కాదు. చెప్పమంటే, క్రేను దుప్పట్లు మూటలు కట్టినట్టు మడుస్తున్నాడని, తను నేర్పుతోందని చెప్పింది.

"నీ బల్ల దగ్గరే," అని, ఆ మాట అన్నందుకు లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది.

ఒకరోజు చిన్నకోడలు అన్నం డబ్బా మర్చిపోయింది. అత్త కాస్త కునుకు తీసే వేళ చూసి, పెద్దకోడలు తాళం వేసి, డబ్బా పట్టుకుని లాండ్రీకి నడిచింది. గేటు పక్క గోడకి కొత్త బోర్డు కట్టారు. పనివాళ్ళు కావలెను. ఉతుకు విభాగం, రాత్రి. ఆడా మగా ఎవరైనా.

"ఇదేంటి తాతా?" గేటు దగ్గర కుర్చీలో ఉన్న ముసలాయన్ని అడిగింది.

"రాత్రి ఉతుక్కి ఎవరూ దొరకలేదుగా. కాంట్రాక్టుకిచ్చారు."

"ఆడవాళ్ళని తీసుకోం అన్నారు నాతో. నియమమన్నారు."

"అది కంపెనీ మనుషులకమ్మా. వీళ్ళు కాంట్రాక్టరు మనుషులు. వీళ్ళకి ఇన్సూరెన్సే లేదు, ఇక నియమమెక్కడిది?" ముసలాయన డబ్బా అందుకున్నాడు. "కొత్తవాళ్ళనే తీసుకుంటారట."

"నేనూ కొత్తదాన్నేగా ఇప్పుడు."

కాంట్రాక్టరు మనిషి సెక్యూరిటీ గదిలోనే కూర్చున్నాడు. రాత్రికి వాన్ ఉంది, వీధి చివరికి వస్తుంది, ఎక్కించుకుంటుంది. పొద్దున మాత్రం ఎవరి దారిన వాళ్ళు పోవాలి. పెద్దకోడలు మధ్యాహ్నం ఏమైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు. ఇస్త్రీ? లేదు. సెలవు ఏ రోజు?

"ఎంచుకోవడాలు మా దగ్గర లేవమ్మా. షిఫ్టు ఒకటే, పని ఒకటే, సెలవు మేమెప్పుడంటే అప్పుడు. ఇష్టమైతే ఇవాళే ఎక్కు."

ఒకటి, ఒకటి, ఒకటి. ఎన్నిసార్లు హెచ్చవేసినా అంతే వస్తుంది. రాత్రి తను, పొద్దున చిన్నకోడలు. మధ్యలో అరగంట. అత్త దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. ఆ ఫిజియోథెరపీ మనిషిని మళ్ళీ పిలవొచ్చు. బాల్కనీలో ఆమె డబ్బాలో పడేసిన నీలి క్లిప్పు అది.

"వాన్ ఎన్నింటికొస్తుంది?" అని అడిగింది.

వారం తిరక్కుండానే ఆమె భుజాలు కమిలాయి. తడి మూట పొడి మూట లాంటిది కాదు. ఎత్తినప్పుడు ఒక బరువు ఉంటుంది, తిప్పినప్పుడు ఇంకో బరువు. అత్త నయం, పట్టుకోవడానికి భుజం ఉంటుంది.

ఆ వేళ తెల్లవారుతుండగా షిఫ్టు దిగి, మోచేతుల దాకా నానిన చేతుల్ని చంకల్లో పెట్టుకుని గోడౌన్ల రోడ్డులో నడిచింది. కల్వర్టు దగ్గర చిన్నకోడలు ఎదురొచ్చింది. ఇద్దరూ ఆగారు. చిన్నకోడలు సంచిలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది.

"తిన్నదా?"

"ఇంకా లేదు. గంజి కాచి మూత పెట్టాను. వీపు మీద ఎరుపు తగ్గింది."

"మంచిది."

చిన్నకోడలు వెళ్ళబోయి ఆగింది. "హాల్లో పెద్ద బ్యానర్ కట్టారక్కా. మేడమ్ ఫొటో కూడా వేశారు. నూటికి నూరు మందీ తమకి నచ్చిన పనిలో ఉన్నారట."

"నన్ను కలుపుకునేనా?"

"నువ్వు కంపెనీ లెక్కలో లేవుగా. ఉన్నవాళ్ళలో నూటికి నూరు."

పెద్దకోడలు తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. వేళ్ళు ముడతలు పడి, దాని పళ్ళు తెలియలేదు.

"ఏ వైపు తిప్పావు?"

"కుడివైపు. ఐదింటికి."

"అయితే మళ్ళీ తిప్పేదాకా, ఏడింటిదాకా, పడుకోవచ్చు," అంది పెద్దకోడలు. "నువ్వు నడువు, నీకు ఆలస్యమవుతుంది."